గోడకేసి కూర్చున్న సాక్షి

తర్వాత పిలిచేది తననే. బడి వరండాలో బల్ల చివర కూర్చున్న కెజియాకు ఆ సంగతి పొద్దున్నే తెలుసు, అయినా తలుపు కిర్రుమన్నప్పుడల్లా బల్ల అంచు గట్టిగా పట్టుకుంటోంది. లోపల ముగ్గురు పెద్దమనుషులు, సర్కారు పట్నం నుంచి పంపిన వాళ్ళు, పిల్లలు అక్షరాలు దిద్దే బల్లలన్నీ పక్కకు తోయించి, మధ్యలో పచ్చగుడ్డ పరిచిన మేజా వేయించుకుని, ఈ మిషన్‌లో తెచ్చి ఉంచిన, ఈ నేలకు మొదటి మనుషులైన నల్లవాళ్ళు ఎలా బతుకుతున్నారో నిన్నటి నుంచి అడిగి రాసుకుంటున్నారు. ఎలా బతుకుతున్నారో కిటికీలోంచి తల బయటపెడితే కనిపిస్తుంది, పైకప్పు రేకు లేచిపోయిన గుడిసెలు, దగ్గుతున్న పిల్లలు, కానీ వాళ్ళకు కాగితం మీద కనిపించాలి. కాగితం మీదే గదా అన్నీ జరుగుతాయి. మనవరాలు ఫీబీని శుక్రవారం పొద్దున బండెక్కించి పట్నం అనాథాశ్రమానికి పంపాలని రాసి ఉన్నది కూడా కాగితం మీదే. ఇవాళ బుధవారం. ఫీబీకి ఎనిమిదేళ్ళు. తండ్రి బతికే ఉన్నాడు, అమ్మమ్మ ఇదిగో ఇక్కడే బల్ల మీద రాయిలా కూర్చుని ఉంది, మరి అనాథ ఎలా అయింది? హాల్డేన్ దొర, అంటే ఈ మిషన్ మీద అధికారి, అయిందంటే అయింది. ఎనిమిదేళ్ళ కింద తల్లి పోయింది, డాక్టరు వద్దని ఆ తల్లిని చేజేతులా చంపుకున్నది ఈ అమ్మమ్మే, ఇలాంటి మూఢురాలి చేతిలో పిల్లని ఉంచడం పాపం. అంతా ఆయన పుస్తకంలో ఉంది. నిన్న ఆ పుస్తకం తెరిచి ముగ్గురు పెద్దమనుషుల ముందు చదివాడట. కిటికీ దగ్గర నిలబడి విన్న నేస్తం బెస్ పరుగున వచ్చి చెప్పింది. డాక్టరు వద్దందట! కెజియా డాక్టరును వద్దందట!

తలుపు సందులోంచి ఆ గొంతు మళ్ళీ వచ్చింది. కెజియా గబుక్కున పోసం అనే చెట్లెక్కే చిన్న జంతువు తోళ్ళతో కుట్టిన దుప్పటి తల మీదికి లాక్కుని రెండు చెవులూ మూసుకుంది. పిల్ల తండ్రి గొంతు అది. తన అల్లుడు. దొరలు సైలస్ అని పిలుస్తారు, ఆమె ఏమనీ పిలవదు. అత్త అల్లుడి మొహం చూడకూడదు, అల్లుడు అత్త మొహం చూడకూడదు, ఒకరి మాట ఒకరు వినకూడదు, దారిలో ఎదురైతే ఇద్దరిలో ఒకరు చెట్లలోకి తప్పుకోవాలి. గొర్రెలు రాకముందు నుంచీ, ఈ ఏటి ఒడ్డున తెల్లవాడి జాడ లేనప్పటి నుంచీ ఉన్న మర్యాద. పగ వల్ల కాదు, గౌరవం ఎక్కువై. కూతురిని ఇచ్చిన రోజు నుంచి అతను ఆమెకు ఎండలో నీడలా, అటు పోతుంటే చూపు దించుకోవలసిన ఒక నడక మాత్రమే. పదేళ్ళు గడిచినా అతని మొహం ఎలా ఉంటుందో ఆమెకు తెలీదు. అతని చిన్నప్పుడు చూసిందేమో, ఏట్లో మునకలు వేసే పదిమందిలో ఒకడుగా, అప్పుడు అల్లుడని ఎవరికి తెలుసు? ఇప్పుడేమో విధి చూడు, ముసలివాళ్ళ మాటని ఇంగ్లీషులో పెట్టి దొరలకు వినిపించే పని అతనిదే. మిషన్ మొత్తంలో అంత ఇంగ్లీషు వచ్చినవాడు, చదవనూ రాయనూ వచ్చినవాడు వేరే లేడు. పట్నానికి ఉత్తరం రాసి ఈ విచారణ తెప్పించినవాడు కూడా అతనే. నిన్నటి నుంచి తాతలకీ అవ్వలకీ అందరికీ నోరు అతనే అయ్యాడు. మరి ఆమెకు?

“ఏందే, చెవులు మూసుకున్నావు, పురుగు దూరిందా?” అంది పక్కనే కూర్చున్న బెస్. బెస్‌కు పళ్ళు లేవు, సిగ్గు అంతకంటే లేదు. చిన్నప్పటి నుంచీ ఇద్దరూ కలిసి ఒకే గడ్డితో బుట్టలు అల్లినవాళ్ళు.

“ఆయన మాట్లాడుతున్నాడు.”

“మాట్లాడనీ. చూస్తే జుట్టు తెల్లబడుద్దని గదా మీ అమ్మ చెప్పింది? నీ నెత్తి ఎప్పుడో తెల్లబడింది, ఇంకేం తెల్లబడాలి, కనుబొమ్మలా?”

“నోర్ముయ్యవే.”

“నేను మూస్తా. నువ్వు మాత్రం లోపలికి పోయి తెరువు. ఆ గుమాస్తా పిల్లాడికి చెప్పాను, అత్తా అల్లుడూ మాట్లాడుకోకూడదు బాబూ, వేరేవాణ్ణి పెట్టించు అని. వాడు పగలబడి నవ్వాడే. మా ఇంట్లోనూ అంతేనమ్మా, మా అత్త నోరు తెరిస్తే నేను పెరట్లోకి పోతా అన్నాడు. ఏం చెప్తాం ఆ సన్నాసికి?”

కెజియాకు నవ్వు రాబోయి ఆగిపోయింది. బెస్ చెప్పిన ఉపాయం ఒక్కటే మిగిలింది. లోపలికి వెనక్కి నడుచుకుంటూ పోయి, దుప్పటి కప్పుకుని గోడకేసి కూర్చుని, మూలనున్న ఇనుప పొయ్యితో మాట్లాడాలి. మనిషితో కాదు, పొయ్యితో. అతను కిటికీకేసి నిలబడి, పొయ్యికి చెప్పింది దారిన పోతూ విన్నట్టు విని, ఇంగ్లీషులో చెప్పాలి. ముసలివాళ్ళు రాత్రి కూర్చుని, ఇంత వరకూ తప్పు లేదులే అన్నారు. తప్పు లేదు. కానీ ఏం చెప్పాలి? పొయ్యీ, పొయ్యీ, ఆ ఆదివారం ఏం జరిగిందో తెలుసా అని మొదలుపెట్టాలా? పొయ్యి వింటే పర్వాలేదు. అతను వింటాడే! ఎనిమిదేళ్ళుగా ఏ మాట అతని చెవిన పడకూడదని నాలుక కరుచుకుని బతికిందో ఆ మాటని ఇప్పుడు అతని నోట్లోనే పెట్టాలి. అతనే దాన్ని నమిలి ఇంగ్లీషు చేసి దొరల ముందు ఉమ్మాలి. దేవుడా, ఏ దేవుడైనా సరే, పాతవాళ్ళైనా సరే, బడి గోడ మీద గొర్రెపిల్లని ఎత్తుకుని నిలబడ్డవాడైనా సరే, ఇంత తెలివిగా ఉచ్చు అల్లడం మీకు ఎవరు నేర్పారు?

ఆదివారం. ఎండ కాసిన మధ్యాహ్నం, గాలి లేదు, గుడిలోంచి పాట, అందరూ పాడుతున్నారు, హార్మోనియం ఒక మెట్టు నొక్కితే రెండు మోగేది, గుడిసెలో చాప మీద తన పిల్ల. పోయినవాళ్ళ పేరు పలకకూడదు, మనసులో కూడా పలకకుండా అలవాటు చేసుకుంది, నా పిల్ల, నా పిల్ల అంతే. బిడ్డ తెల్లారుజామునే పుట్టేసింది, ఫీబీ, గుప్పెడంత, కోపంగా, బాగానే ఏడ్చింది. కానీ రక్తం ఆగలేదు. కెజియా చేతుల మీద ఎందరు పుట్టలేదు, ఎన్ని ఆకులు నూరలేదు, ఎంత వేడి బూడిద కట్టలేదు? అది ఆగే రకం కాదని మధ్యాహ్నానికి తెలిసిపోయింది. పట్నం డాక్టరు సూదీ దారం పెట్టి కుడతాడని, కింది ఊరి ఆవిణ్ణి అలాగే బతికించాడని వింది. డాక్టరు వద్దనడమా! కాళ్ళకు చెప్పుల్లేకుండా దొర ఇంటికి పరిగెత్తింది. ఆ రోజు పిల్ల తండ్రి లేడు, ఎగువ పొలాల్లో గొర్రెల బొచ్చు కత్తిరించడానికి పోయి నెల అయింది. వంటింటి తలుపు కొట్టింది. దొర మెడలో తెల్లగుడ్డ కట్టుకుని, చేతిలో ముల్లుగరిటతో తనే వచ్చాడు, లోపల్నుంచి వేపిన గొర్రెమాంసం వాసన. బండి, ప్లీజ్ బాస్, డాక్టర్, నా పిల్ల రక్తం. గిన్నెలు తోమి నేర్చుకున్న ఇంగ్లీషంతా ఒక్క ఊపిరిలో అయిపోయింది. దొర కొంచెంసేపు ఆలోచించాడు. కోప్పడలేదు. ఈ రోజు ఆదివారం కెజియా, అన్నాడు. గుర్రానికి కూడా దేవుడు ఒక రోజు ఇచ్చాడు, రేపు పొద్దున్నే కట్టిస్తాను, వెళ్ళి ప్రార్థన చెయ్యి. చెప్పి తలుపు మూశాడు. ధనాల్న మూస్తే బాగుండేది. మెల్లగా, పాపలు నిద్రపోతున్న ఇంట్లో మూసినట్టు మూశాడు, అదే ఇప్పటికీ ఆమెకు మింగుడు పడదు. పాకలో గుర్రం ఉంది. నున్నగా, నిండుగా తిని, తోకతో ఈగలు తోలుకుంటూ ఉంది. ఆమె ఆ పాక ముందు నుంచే నడిచి వచ్చింది. ఎందుకు నడిచి వచ్చావే కెజియా? గుర్రాన్ని విప్పుకుని పోవాల్సింది గదే! పట్టుకుంటే పట్టుకునేవాళ్ళు, కొడితే కొట్టేవాళ్ళు, నీకు గుర్రం ఎక్కడం రాకపోతే జుట్టు పట్టుకుని వేలాడుతూ పోవాల్సింది. నువ్వు సరే బాస్ అన్నావు. సరే బాస్ అని తల ఊపి వచ్చావు. నోటికి ఆ రెండు ముక్కలే ముందు వస్తాయి గదా, ఇన్నేళ్ళూ అవే నేర్పారు. పొద్దు వాలకముందే పిల్ల చల్లబడిపోయింది.

సోమవారం గుర్రం కట్టారు. డాక్టరు వచ్చి కాగితం మీద సంతకం పెట్టి టీ తాగి పోయాడు.

అతను వచ్చేసరికి గుడిసె తగలబెట్టేశారు, చనిపోయిన మనిషి గుడిసె ఉంచరు. ఆ మనిషి గురించి మాట్లాడరు కూడా, కాబట్టి ఎవరూ అతనికి ఏమీ చెప్పలేదు, చెప్పడానికి వాళ్ళకు తెలిసిందీ లేదు, ఆ తలుపు దగ్గరికి పోయింది కెజియా ఒక్కతే, మిగతావాళ్ళంతా పాట పాడుతున్నారు. కావాలంటే బెస్ చేత కబురు చెప్పించేది. చెప్పించలేదు. ఎందుకంటే అదే ఏడు, కింది ఊరి కుర్రాడొకడు, అక్కడి మేస్త్రీని గొడ్డలి తిరగేసి కొట్టాడు. మేస్త్రీ బతికాడు. కుర్రాణ్ణి ఉరి తీశారు. వాళ్ళమ్మ జైలు గోడ పక్కన మూడు రోజులు కూర్చుని వచ్చింది, వచ్చాక మళ్ళీ మాట్లాడలేదు. అల్లుడి చేతిలోనూ గొడ్డలి ఉంటుంది. చెట్లు కొట్టేవాడికి గొడ్డలి కాక ఏముంటుంది? చెబితే ఆ పూటే పోతాడు దొర ఇంటికి, మర్నాడు ఆ గుప్పెడు పిల్లకు తండ్రి కూడా ఉండడు. అందుకని మాట మింగింది. ఎనిమిదేళ్ళు మింగింది. ఆ ఎనిమిదేళ్ళలో అల్లుడి వేట నుంచి ఆమె గుమ్మానికి ఒక్క ముక్క రాలేదు. కంగారూ కొడితే తోక అత్తకు పోవాలి, ఎవరి చేతనైనా పంపాలి, అది బాకీ కాదు, ఊపిరి లాంటిది. ఒక్కసారీ రాలేదు. ఆలి పోయింది గదా, పొత్తు తెగింది, కుర్రవాళ్ళకు పాత పద్ధతులు ఏం పట్టాయిలే అనుకుంది. నిన్న బెస్ చెప్పాక గానీ వెలగలేదు. ఆ పుస్తకం నిన్న కొత్తగా చదివింది కాదు. ఎనిమిదేళ్ళ కిందట, అతను బొచ్చు కత్తిరింపు నుంచి తిరిగొచ్చిన రోజునే, దొర అతన్ని కూర్చోబెట్టి, భుజం మీద చెయ్యి వేసి, అదే పుస్తకం తెరిచి చదివాడట, ఆ సంగతీ దొర నిన్న తనే చెప్పుకున్నాడు. మీ అత్త డాక్టరును వద్దంది సైలస్, నేను ఎంతో చెప్పి చూశాను. అతను నమ్మాడు. ఎందుకు నమ్మడు, అక్షరం తెలిసినవాడాయె! అక్షరం తెలియనివాడైతే అనుమానించేవాడేమో. ఎనిమిదేళ్ళుగా తను అతన్ని ఉరి నుంచి కాపాడుతున్నాననుకుంటోంది, అతనేమో తన పెళ్ళాన్ని చంపిన ముసలిదాని ఒళ్ళో బిడ్డని పెట్టి, కిక్కురుమనకుండా పళ్ళు కొరుక్కుంటున్నాడు. ఓరి నాయనా. ఓరి నా నాయనా. ఏడుపు వస్తే బాగుండు, అది కూడా రావడం లేదు, కళ్ళల్లో ఇసుక పడ్డట్టుంది.

ఇప్పుడు చెబితే గొడ్డలి. చెప్పకపోతే శుక్రవారం బండి. ఇదేనా మిగిలింది? ఫీబీ పొద్దున బుట్ట అడుగు అల్లడం నేర్చుకుంటూ, అమ్మమ్మా, పట్నంలో ఈ గడ్డి దొరుకుద్దా అని అడిగింది. దానికి చెప్పేశారన్నమాట. దొరసాని చెప్పి ఉంటుంది, బూట్లు ఇస్తారు, మంచం ఇస్తారు అని. అక్కడికి పోయిన పిల్లలు తిరిగి రారు, వచ్చినా భాష మర్చిపోయి వస్తారు, సొంత తల్లి ముందు నిలబడి ఎస్ మేడమ్ అంటారు. బెస్ చెల్లెలి కూతురు అలాగే వచ్చింది. చెబుదాం. సగం చెబుదాం. డాక్టరు వద్దనలేదు అని మాత్రం చెప్పి ఊరుకుంటే? అప్పుడు ఆ ముగ్గురిలో పెద్దవాడు, తెల్లగడ్డం దొర, అడుగుతాడు, మరి డాక్టరు ఎందుకు రాలేదు అని. నోరు విప్పాక ఆపడం ఎవరి వల్ల అవుతుంది?

“కెజియా!” తలుపు తెరుచుకుంది. గుమాస్తా.

“పో,” అంది బెస్. ఈసారి నవ్వలేదు. “పొయ్యితో బాగా మాట్లాడు.”

వీపు ముందు పెట్టి గదిలోకి అడుగేసింది. దుప్పటి సందులోంచి నేల పలకలు, బూట్లు, మేజా కాళ్ళు, కిటికీ కింద అటు తిరిగి ఉన్న రెండు నల్లటి పాదాలు కనిపించి చప్పున చూపు తిప్పుకుంది. ఆయనే. చేతికి ఇనుప పొయ్యి తగిలింది, చల్లగా ఉంది. గోడకేసి కూర్చుంది. వెనక దొరలు ఏదో గొణుక్కున్నారు. సాక్షి ఇటు తిరగాలి అని ఒకరు, ఉండనివ్వండి, వీళ్ళ పద్ధతులు వీళ్ళవి అని తెల్లగడ్డం దొర. నీ కూతురు పోయిన రోజు జరిగింది చెప్పు. ఆ మాట అల్లుడి గొంతులో, తమ భాషలో, కిటికీ వైపు నుంచి మెల్లగా వచ్చింది, కిటికీకి చెబుతున్నట్టు. ఆమె దుప్పటి ఇంకా కిందికి లాక్కుంది. ఇంత దగ్గరగా, ఇంత పొడుగు మాట, మొదటిసారి. మంచి గొంతు. తన పిల్ల ఈ గొంతుకే పడిపోయి ఉంటుంది.

పొయ్యీ, అంది. ఒక మాట చెప్పి ఆగింది. అతను ఇంగ్లీషులో పెట్టాడు. బిడ్డ పుట్టింది, రక్తం ఆగలేదు. పెట్టాడు. నేను దొర ఇంటికి పరిగెత్తాను. ఇక్కడ కొంచెం ఆలస్యం అయింది, అయినా పెట్టాడు. ఇక ఆమె ఆపలేదు, ముక్కలు చేసి అందించడం మర్చిపోయింది, బండి అడగడం, ముల్లుగరిట, ఆదివారం, గుర్రానికి దేవుడిచ్చిన రోజు, మెల్లగా మూసిన తలుపు, పాకలో ఈగలు తోలుకుంటున్న గుర్రం, అన్నీ ఒకదాని మీద ఒకటి పొయ్యి మీద కుమ్మరించింది. ఎనిమిదేళ్ళు ఎందుకు చెప్పలేదో కూడా చెప్పింది. గొడ్డలి సంగతీ చెప్పింది. చెప్పి ఊపిరి పీల్చుకుంది.

అతని దగ్గర్నుంచి ఏమీ రాలేదు.

కలం ఆగింది. ఎవరో కుర్చీలో కదిలారు. అతను నోరు తెరవడం లేదు. తెరుస్తాడు, ఇప్పుడే తెరుస్తాడు, ఊపిరి వినిపిస్తోంది, కొండెక్కి వచ్చినవాడి ఊపిరిలా. “ఏమంటోంది?” అన్నాడు తెల్లగడ్డం దొర. “సైలస్, ఆమె ఏమంటోంది?” అప్పుడు గది అటు చివర నుంచి హాల్డేన్ దొర, ఎంతో జాలిగా, ఆ తలుపు మూసిన గొంతుతోనే, “నాకు వీళ్ళ భాష కొంచెం తెలుసండీ. పుస్తకంలో ఉన్నదే చెబుతోంది. డాక్టరును వద్దన్నానని ఒప్పుకుంటోంది. పాపం, అతనికి కష్టంగా ఉంది,” అన్నాడు. ఆ మాటల్లో కావలసినంత ఆమెకు అర్థమయింది. డాక్టర్, నో, అన్న ముక్కలు ఎవరికి అర్థం కావు? కలం మళ్ళీ కదలడం మొదలుపెట్టింది. గరగర, గరగర. రాసేస్తున్నారు. ఇది కూడా రాసేస్తున్నారు! ఇక ఆలోచించడానికి ఏమీ మిగల్లేదు, సిగ్గూ లేదు, మర్యాదా లేదు, అమ్మ చెప్పిందీ అమ్మమ్మ చెప్పిందీ లేదు, పాతవాళ్ళారా నన్ను చూడకండి, కళ్ళు మూసుకోండి ఒక్క క్షణం. కెజియా లేచి దుప్పటి కింద పడేసి ఇటు తిరిగింది.

కిటికీ బయట బెస్ కెవ్వుమని మొహం కప్పుకుంది. అల్లుడు కూడా తిరిగే ఉన్నాడు. ఎప్పుడు తిరిగాడో. ఆమె అతన్ని చూసింది, అతను ఆమెను చూశాడు. నలభై ఏళ్ళు కూడా లేని మనిషి, ఇంత ముసలి మొహం. గడ్డం తడిసిపోయి ఉంది. ఆ గడ్డం కింద సొట్ట, ఆ పెద్ద చెవులు, అచ్చం ఫీబీ. ఆమె చూపు తిప్పలేదు. మేజా వైపు చెయ్యి చాపి, తనకున్న ఇంగ్లీషునంతా గిన్నెల్లోంచి, బకెట్లలోంచి, సబ్బు నురగలోంచి ఏరుకుని చెప్పింది.

“బండి ఉంది. గుర్రం ఉంది. నేను అడిగా, బండి ప్లీజ్ బాస్, డాక్టర్ ప్లీజ్. ఈ బాస్ చెప్పాడు, నో. ఆదివారం. నా పిల్ల, ఆదివారం, చచ్చిపోయింది.”

కలం ఆగింది. తెల్లగడ్డం దొర కళ్ళజోడు తీసి, అల్లుణ్ణి అడిగాడు. ఆమె ఇంతకుముందు చెప్పింది ఇదేనా?

“ఇదేనండి.” అన్నాడు అతను. “ఇది ఇంగ్లీషులో పలకడానికి నాకు నోరు రాలేదు. ఆమె వద్దనలేదు. ఈయన పుస్తకం చదివి నాకు చెప్పాడు, నేను నమ్మాను. ఎనిమిదేళ్ళు నమ్మాను. రాసుకోండి. నేను నమ్మానని కూడా రాసుకోండి.”

గుమాస్తా పెద్దదొర వైపు చూశాడు. ఆయన తల ఊపాడు, కలం కదిలింది. హాల్డేన్ దొర పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నాడు. కెజియా కళ్ళు అల్లుడి చేతుల మీదే ఉన్నాయి. ఆ వేళ్ళు ముడుచుకుంటున్నాయి, తెరుచుకుంటున్నాయి. గొడ్డలి ఎక్కడ పెట్టాడో? గుమ్మం పక్కనా, ఇంట్లోనా? తెల్లగడ్డం దొర చాలాసేపు కాగితాలు తిరగేసి, పక్కవాళ్ళతో మాట్లాడి, కళ్ళజోడు పెట్టుకుని, నెమ్మదిగా ఒక పొడుగాటి మాట అన్నాడు. అందులో ఫీబీ పేరు ఉంది, శుక్రవారం ఉంది. మిగతాది ఆమెకు అందలేదు. అల్లుడు విన్నాడు. విని కిటికీ వైపు తిరగలేదు, గోడకూ పొయ్యికీ చెప్పలేదు. నడిచి ఆమె ముందుకు వచ్చి, కింద పడిన దుప్పటి తీసి ఆమె భుజాల మీద కప్పాడు.

“అత్తా,” అన్నాడు. ఆ నోటి నుంచి ఆ పిలుపు ఆమె ఎన్నడూ వినలేదు. “నువ్వు చెప్పింది రాసుకున్నారంట. పిల్లని పంపడం ఆపడం మాత్రం వాళ్ళ చేతుల్లో లేదంట. అది దొర ఇష్టమంట.”

“నువ్వు ఆయన్ని కొట్టబాక నాయనా.” ఆమె కూడా అతనితోనే అంది, మొహంలోకి చూసి. “కొట్టావంటే దానికి నువ్వూ ఉండవు.”

అతను హాల్డేన్ దొర వైపు చూశాడు, చాలాసేపు చూశాడు. తర్వాత వేళ్ళు తెరిచి ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు.

“కొట్టను. ఏరు దాటితే వేరే సర్కారు, ఈయన అధికారం చెల్లదు. నువ్వు నడవగలవా?”

“పిల్లని ఎత్తుకుని కూడా నడుస్తా,” అంది కెజియా. అందరూ చూస్తుండగా ఇద్దరూ ఒకే గుమ్మంలోంచి బయటికి నడిచారు.